ఏడో నంబరు చెక్క

మా కొరీన్‌కి పదిహేడేళ్లు. ఈ వేసవి మూడు నెలలూ హారోబీ కొండ మీదున్న పాత పనిముట్ల మ్యూజియంలో ఉండి, గొడ్డలితో దూలాలు చెక్కడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఆ కాగితం పదకొండు రోజులుగా నా చేతిసంచిలో ఉంది. దాని నాన్న రోలాండ్ చదవకుండానే పెట్టేసే మనిషి. కానీ, "లొరెట్, నువ్వు పెట్టకుండా నేను పెట్టి, ఆ తర్వాత ఇదే ఇంట్లో కాపురం చెయ్యాలా?" అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

జూన్ మొదటి శనివారం సాయంత్రం నాలుగింటితో గడువు. నేర్పే ఆయన ఏడాదికి ఒక్కరినే తీసుకుంటాడు.

"ఒక్కసారి నాతో వచ్చి చూడమ్మా. చూసి వద్దంటే మానేస్తా," అంది కొరీన్.

మానేస్తుంది కూడా. అదే నాకు మరీ కష్టంగా ఉంది. మొండికేసి పోట్లాడే పిల్లయితే వద్దనడం సులువు.

కొందరి భయాల వెనక ఏదో జరిగి ఉంటుంది. నా భయం వెనక ఏమీ లేదు. మా వంశంలో ఎవరికీ కాలు పోలేదు, వేలు పోలేదు. పద్దెనిమిదేళ్లుగా స్కూలు వంటగదిలో క్యారెట్లూ ఉల్లిపాయలూ తరుగుతున్నాను, నా వేళ్లు పదీ ఉన్నాయి. అయినా ఎవరైనా కత్తి తీస్తే నాకు కత్తి కనబడదు, తెగిన తర్వాతది కనబడుతుంది. పుట్టుకతోనే వచ్చింది. మా న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఇలాంటి మనిషి బతకడం కష్టమే. ఇక్కడ ప్రతి ఇంట్లో ఏదో ఒక రంపం తిరుగుతూనే ఉంటుంది.

శనివారం పొద్దున గుడ్డు సాండ్‌విచ్‌లూ, ఊరగాయ దోసకాయలూ, దెబ్బ తగిలితే కట్టే గుడ్డల పెట్టే సర్దుకుని బయల్దేరాం. కొరీన్ కారు నడిపింది.

"అరవై దాటిపోతోందే!" అన్నాను కొండ మలుపులో.

"నలభైలో ఉన్నానమ్మా. నువ్వు చూస్తున్నది ఇంజను వేడి ముల్లు."

"వేడి అరవై ఉంటే మంచిదేనా?"

"మంచిదే."

సీటు బెల్టు సరిచేసుకున్నాను. "ఆ మలుపు తిరగ్గానే కొండదుప్పి నిలబడి ఉంటే?"

"ఆగుతాను."

"అది ఆగకపోతే?"

"అప్పుడు దాన్నే సంతకం పెట్టమంటాను," అంది, నా వైపు చూడకుండా నవ్వుతూ. రోడ్డు వైపే చూస్తున్నందుకు సంతోషించాను.

కారు దిగగానే ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకోమన్నాను, గడ్డిలో రక్తం పీల్చే పిడుదులుంటాయని. నేనూ దోపుకున్నాను. ఇద్దరం సైకిలు పందేనికి వచ్చినట్టు మ్యూజియంలోకి నడిచాం.

అది ఒకప్పటి ఉన్ని మిల్లు. మూడంతస్తులు. గోడల నిండా పనిముట్లు వేలాడుతున్నాయి. రంపాలు, బాడిసలు, ఉలులు, మేకులు పీకే కొక్కేలు, పేర్లు తెలియని ఎన్నో. మెట్ల పక్కన ఆరడుగుల రంపం ఒకటి నిలబెట్టి ఉంది. ఒకడు మొద్దు మీదా ఇంకొకడు కింద గుంటలోనూ నిలబడి కోసేవారట.

"గుంటలో వాడి కళ్లల్లో పొట్టు పడదా?" అని అడిగాను టికెట్లిచ్చే ఆవిడని. ఆవిడ పేరు గ్లెన్నా. డెబ్బై ఉంటాయి, చెర్రీపండంత ఎర్రగా లిప్‌స్టిక్కు.

"పడుతుంది. అందుకే పెళ్లికి ముందే ఎవరు పైనో ఎవరు గుంటలోనో తేల్చుకోవాలి," అంది. "మీరు కొరీన్ వాళ్ల అమ్మగారా? ఆ మేజోళ్లు చూసే అనుకున్నా."

దూలాలు చెక్కే ఆయన వెనక పెరట్లో ఉన్నాడు. ఓరిన్ పీస్లీ. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా ఉంటాడు. చెయ్యి కలుపుతూ ఆయన వేళ్లు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను. ఎనిమిదుంటే నా పని అక్కడికక్కడే అయిపోయేది.

ఆయన కొరీన్ చేతికి గొడ్డలి ఇచ్చాడు. దూలం చెక్కే గొడ్డలి మామూలు కట్టెలు కొట్టేదానిలా ఉండదు. తల చేటంత వెడల్పు. ఒక పక్క నున్నగా బల్లపరుపుగా ఉంటుంది, రెండో పక్క మాత్రమే వాలుగా సానపడతారు. నున్నటి పక్కని మొద్దుకి ఆనించి చెక్కుకుంటూ పోతారు. కామ, అంటే పట్టుకునే కర్ర, కూడా తిన్నగా ఉండదు, వేళ్లు మొద్దుకి గీరుకోకుండా బయటికి వంచి ఉంటుంది.

కొరీన్ అలవాటుగా ఎడమచెయ్యి ముందుపెట్టి పట్టుకుంది. ఆయన చేత్తో ఆపాడు.

"ఎడమచేతి వాటమా?"

"అవునండీ. దరఖాస్తులో ఆ ప్రశ్న లేదు."

"లేదు," అన్నాడాయన. "నలభై ఏళ్లలో ఆ అవసరం రాలేదు. ఇక్కడ పందొమ్మిది గొడ్డళ్లున్నాయి. అన్నీ కుడిచేతివే."

"మరి కుడిచేతిది ఎడమచేత్తో పడితే?" అన్నాను నేను.

"అంచు చెక్కలో నిలవదు. జారి వచ్చేస్తుంది."

ఎటు వస్తుందో ఆయన చెప్పలేదు. నేను కొరీన్ మోకాలి వైపు చూశాను. చెప్పనక్కర్లేదు.

పీస్లీ గారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒకదాని తల ఊడదీసి, తిరగేసి బిగిస్తే ఎడమచేతిది అవుతుంది. బిగించడం పది నిమిషాల పని. అది కాదు చిక్కు. ఎడమచేతి వాళ్లకి ఎలా నిలబడాలో, ఏ కాలు ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. నేర్పలేదు, ఎవరూ చేస్తుండగా చూడలేదు. అసలు చేసేవాళ్లని కూడా అనుకోను. ఆ రోజుల్లో అందరినీ కొట్టి కుడిచేతికి మార్చేసేవాళ్లు. మధ్యాహ్నం దాకా ఆలోచించుకోనివ్వమ్మాయ్."

కొరీన్ "సరేనండీ" అంది. గొడ్డలి రెండు చేతులతో తిరిగి ఇచ్చేసింది. కత్తెర నుంచి డబ్బా మూతల దాకా అన్నీ తనకి తిరగబడే ఉంటాయని ఆ పిల్లకి చిన్నప్పుడే తెలుసు. ఏడవదు. కిందిపెదవి లోపలికి లాక్కుంటుంది, అంతే. దాని ముఖం చూస్తుంటే జాలేసింది. అదే సమయంలో గుండె మీంచి బరువు కూడా దిగింది. నేను వద్దనక్కర్లేదు. ఆయనే అంటాడు. ఈ రెండోది అనుకున్నందుకు సిగ్గుపడుతూ సాండ్‌విచ్‌లు విప్పాను.

తిన్నాక గ్లెన్నా మమ్మల్ని లోపలికి పిలిచింది. ఆ రోజు వాళ్లకి 'ఇదేమిటి' బల్ల రోజట. పనిముట్లు పోగుచేసే వాళ్లందరికీ ఉన్న ఆనవాయితీ అది. దేనికి వాడేవారో ఎవరికీ తెలియని వస్తువుల్ని ఏడాదికోసారి పొడుగాటి బల్ల మీద నంబర్లు వేసి పరుస్తారు. వచ్చినవాళ్లు చేత్తో తీసి చూడొచ్చు. ఒక్కో వస్తువుకి ఒక్కో ఊహ చీటీ మీద రాసి కాఫీ డబ్బాలో వెయ్యాలి. రెండింటికి చదువుతారు.

"ఒక్కటే షరతు," అంది గ్లెన్నా. "'ఆవుకి సంబంధించినది' అని రాయకూడదు. ఏమీ తోచనివాళ్లందరూ అదే రాస్తారు. గెలిచినవాళ్లకి నేను రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి పై. ఏడో నంబరు చూడండి, నాలుగేళ్లుగా ఇక్కడే పడుంది. నా పెళ్లికొడుకుల కంటే ఎక్కువమందే చూసి వదిలేశారు."

ముప్పై మంది దాకా బల్ల చుట్టూ తిరుగుతున్నారు. ఎక్కువమంది పనివాళ్లే, వడ్రంగులో, ఒకప్పటి మిల్లు మనుషులో. వాళ్లు వస్తువుని తీసే పద్ధతి చూస్తుంటే ముచ్చటేసింది. తియ్యగానే అరచేతిలో బరువు చూసి, గాలిలోనే చెక్కుతున్నట్టో, గీస్తున్నట్టో, తిప్పుతున్నట్టో ఆడిస్తారు.

ఏడో నంబరు ఓ పీపా బద్ద. మూరెడు పొడవు, కొంచెం వంపు తిరిగి ఉంది. ఒక కొస వెడల్పు, రెండో కొస సన్నం. రెండంచులకీ రెండేసి పొడుగాటి కంతలు, లోపలి పక్క చుట్టూ వరసగా చిన్న చిన్న మేకుల రంధ్రాలు. బయటి పక్క నాలుగు గాట్లు, అన్నీ ఒకే అంచు దగ్గర. నా ముందున్న పెద్దమనిషి దాన్ని రెండు చేతులతో పట్టుకుని దేన్నో గీకినట్టు గాలిలో ఆడించి, తల అడ్డంగా ఊపి కింద పెట్టేశాడు.

నేను తీసుకున్నాను. దాన్ని ఆడించాలని నాకు తోచలేదు. పొద్దుటి నుంచి నా మనసులో ఉన్నది ఒక్కటే. ఆ మేకుల రంధ్రాల్లో ఒకదానిలో గోరంత ఉన్ని పోగు ఇరుక్కుని ఉంది. ఎవరో లోపల గుడ్డ పరిచి మేకులు కొట్టారు, ఒరుసుకోకుండా. చీటీ మీద రాసి డబ్బాలో వేశాను.

రెండింటికి గ్లెన్నా కుర్చీ ఎక్కి చదవడం మొదలుపెట్టింది. "ఏడో నంబరు. 'రొట్టెపిండి గీకేది.' 'వాన నీళ్ల గాడి ముక్క.' 'తోలు సాగదీసేది.' 'ఆవుకి' — వాల్టర్, నీ రాత నాకు తెలుసు, బయటికి పో. తర్వాతది... 'ఇది పని చేసేది కాదు. కాలికి కట్టుకునేది, దెబ్బ తగలకుండా.'"

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఎవరు రాశారిది?" అన్నాడు పీస్లీ గారు గోడ దగ్గర్నుంచి.

వంటగదిలో గిన్నె పగలగొట్టినప్పుడు ఎత్తినట్టు చెయ్యి ఎత్తాను.

ఆయన వచ్చి చెక్కని తీసుకున్నాడు. తిప్పి చూశాడు. సన్నటి కొస చీలమండ దగ్గరికి, వెడల్పు కొస మోకాలి కిందికి వచ్చేలా, పిక్కకి ముందువైపు, తన ముంగాలి మీద పెట్టుకున్నాడు. పెట్టె మూతలా అతుక్కుంది. "నాలుగేళ్లు," అన్నాడు నెమ్మదిగా. "నాలుగేళ్లు దీన్ని చేత్తో పట్టుకుని ఊపుతూనే ఉన్నాం."

గ్లెన్నా పురికొస తెచ్చింది. అందరూ పెరట్లోకి కదిలారు. పీస్లీ గారు మొద్దు పక్కన ఎప్పుడూ నిలబడేట్టే నిలబడ్డాడు, మొద్దు ఎడమవైపు, ఎడమకాలు దాని దగ్గరగా. చెక్కని ఎడమ ముంగాలికి కట్టించుకుని, గొడ్డలి లేకుండానే చేతులు పైకెత్తి దింపి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు. వాల్టర్ టోపీ తీశాడు.

అక్కడితో అయిపోవాలి. నేను నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. కానీ ఆయన చేతులు మళ్లీ పైకెత్తాడు. చెక్క మీది నాలుగు గాట్లు ఎక్కడున్నాయో నాకు కనబడింది. ఆయన కుడి అంచున ఉన్నాయి, మొద్దుకి దూరంగా ఉన్న పక్క, గొడ్డలి రానే రాని చోట. దెబ్బ వచ్చే పక్క చెక్క నున్నగా ఉంది.

"ఆ కాలు కాదండీ!" అని అరిచేశాను. "తప్పు కాలికి కట్టారు! రెండో కాలికి కట్టండి, రెండో కాలికి!"

ఆయన చేతులు అలాగే ఆగిపోయాయి. కిందికి చూసుకున్నాడు. వంగి, పురికొస విప్పి, కుడికాలికి కట్టుకున్నాడు. అప్పుడు గాట్లు మొద్దు వైపు రావాలంటే ఆయన మొద్దుకి రెండో పక్కకి వెళ్లి నిలబడాల్సి వచ్చింది. వెళ్లాడు. మొద్దు కుడివైపు. కుడికాలు దగ్గరగా. చేతులు మార్చాడు. ఎడమచెయ్యి ముందుకొచ్చింది.

జనం దగ్గరికి జరిగారు.

"ఎడమచేతి మనిషి," అన్నాడు పీస్లీ గారు. "ఇదిగో, ఇలా నిలబడ్డాడు. పాదం ఇక్కడ." నేల మీద తన బూటుతో గీత గీశాడు.

నేనేం చేశానో అప్పుడు తెలిసింది. కొరీన్ నా వైపు చూస్తోంది. ఆ చూపు నేను తట్టుకోలేక గ్లెన్నా ఇచ్చిన రూబార్బ్ పైని పట్టుకుని వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

అది వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"తెలుసులే."

"మరి ఎందుకు చెప్పావు?"

"తప్పు కాలికి కట్టుకుని నిలబడితే చూస్తూ ఎలా ఊరుకుంటాను? ముసలాయన!"

కొరీన్ నవ్వింది. నాకు కోపం వచ్చింది. "నవ్వకు. ఆ గాట్లు చూశావా? నాలుగు. నాలుగుసార్లు ఆ మనిషి కాలు పోవాల్సింది."

"నాలుగుసార్లు పోలేదమ్మా."

"ఐదోసారి ఏమైందో చెక్క చెబుతుందా?"

"చెప్పదు," అని ఒప్పుకుంది. లేనిది ఉందని అనదు. నా పిల్లలో నాకు నచ్చేది అదే.

పీస్లీ గారు వచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. "మిసెస్ తిబొడో, మీ అమ్మాయికి నేర్పడానికి నాకిప్పుడు అభ్యంతరం లేదు. ఇక మీ ఇష్టం."

"మీ ప్యాంటు పైకి లాగండి," అన్నాను.

"అమ్మా!" అంది కొరీన్.

"నువ్వుండు. రెండు కాళ్లూ చూపించండి."

ఆయన వంగి లాగాడు. కుడికాలు శుభ్రంగా ఉంది. ఎడమ ముంగాలి మీద వేలెడు పొడవున తెల్లటి మచ్చ.

"ఇదెప్పుడు?"

"ఇరవై రెండేళ్లప్పుడు. సాయంత్రం. ఇంకొక్క నాలుగు దెబ్బలేసి ఆపుదామనుకున్నాను. మూడోదానికి తగిలింది."

"దీనికీ తగలదని మీరు రాసివ్వగలరా?"

"ఇవ్వలేను." ఆయన ప్యాంటు దించుకున్నాడు. "రోజూ మూడింటికి ఆపేస్తాను. వర్షంలో చెయ్యనివ్వను. మొదటి రెండు వారాలు గొడ్డలి ముట్టుకోనివ్వను, నిలబడటమే. అలాంటి చెక్క ఇంకోటి చేసి కట్టిస్తాను, నేనూ కట్టుకుంటాను. అయినా తగలదని చెప్పలేను. ఇంకో మాట. ఎడమచేతి వాటం నాకూ కొత్త. నాకూ భయంగానే ఉంటుంది."

నా జన్మలో ఏ మగమనిషీ ఆ చివరి మాట నాతో అనలేదు. మా కుటుంబ డాక్టరు కూడా 'ఏం కాదు, ఏం కాదు' అంటూనే పాతికేళ్లు నడిపాడు. ఏం కాదనేవాళ్ల దగ్గర నాకెప్పుడూ నిద్ర పట్టదు. ఈయన దగ్గర వదిలితే కనీసం ఇంకో మనిషి చూస్తూ ఉంటాడు.

"పెన్ను ఉందా?" అన్నాను.

కాగితంలో అన్నిటికంటే కింద ఒక ఖాళీ ఉంది. 'మీ పిల్లల గురించి మాకు తెలియవలసినది ఏమైనా ఉంటే రాయండి.' రెండు గీతలిచ్చారు. రాయడం మొదలుపెట్టాను. ఎడమచేతి వాటం. పెన్సిలిన్ పడదు. దాహం వేస్తున్నా నీళ్లు తాగదు, చేతికి అందించాలి. తప్పు చేస్తే తనే చెబుతుంది, అప్పుడు గట్టిగా అరవకండి, రెండోసారి చెప్పదు. గీతలు అయిపోయాయి. అంచుల్లోకి వెళ్లాను. అంచులూ నిండాక కాగితం తిప్పి వెనక రాశాను. గ్లెన్నా బల్ల మీది వస్తువులన్నీ పెట్టెల్లో సర్దేసింది. "పుస్తకం వేస్తున్నారా?" అంది. పావు తక్కువ నాలుగైంది.

పీస్లీ గారు కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం రెండు పక్కలా, నిలబడే చదివాడు. ఒక్క ముక్క కూడా దాటెయ్యలేదు. ఒకచోట వేలు పెట్టాడు.

"'పని చేస్తూ గొంతులో కూనిరాగం తీస్తుంది. అది ఆగిపోయిందంటే అలిసిపోయిందని. అప్పుడు ఆపించండి' అని రాశారు. ఏం రాగం?"

"అదేదో ఒక్కటే ముక్క. మళ్లీ మళ్లీ అదే."

"నేనా?" అంది కొరీన్. "నేను పాడతానా? ఎప్పుడు?"

"గిన్నెలు కడిగేటప్పుడు. లెక్కలు చేసేటప్పుడు. ఇవాళ కారు నడిపేటప్పుడు కూడా."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావని."

అది నన్నే చూస్తూ నిలబడింది. పీస్లీ గారు గొంతు సవరించుకున్నాడు. "ఇది రాసి నా పెరటి తలుపు మీద అంటించుకుంటాను," అని కాగితం నా ముందుకు జరిపాడు. "అంతా బాగుంది మిసెస్ తిబొడో. సంతకం ఒక్కటే మర్చిపోయారు."

మర్చిపోయానో లేదో నాకే తెలియదు. పెన్ను మళ్లీ తీసుకున్నాను. సంతకం పెట్టే చోట కూడా నా రాత పాకిపోయి ఉంది. పెన్సిలిన్ కింద, నీళ్ల మాట పక్కన, కొంచెం సందు చూసుకుని నా పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాను.